వెండి పట్టణాన్ని నడిపిన నీళ్లు: బాన్స్కా ష్టియావ్నిత్సా చరిత్ర

స్లొవేకియా మధ్యభాగంలో, లక్షల ఏళ్ల కిందట చల్లారిన ఒక పెద్ద అగ్నిపర్వతం గుంతలో, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున బాన్స్కా ష్టియావ్నిత్సా ఉంది. ఇప్పుడు జనాభా పదివేలకు అటూఇటూ. 1782 నాటి లెక్కల్లో ఇదే ఊళ్లో 23 వేల మందికి పైగా ఉన్నారు. చుట్టుపక్కల గని పల్లెల్ని కలుపుకుంటే నలభై వేలు. అప్పటి హంగరీ రాజ్యంలో ప్రెస్‌బర్గ్ (నేటి బ్రాటిస్లావా), డెబ్రెట్సెన్‌ల తర్వాత ఇదే పెద్దది. ఐరోపా పట్టణాలన్నీ ఉబ్బిపోయిన రెండున్నర శతాబ్దాల్లో ఈ ఊరు సగానికి కుంచించుకుపోయింది.

ఎందుకని అడిగితే వెండి అయిపోయిందని చెప్పేస్తారు. సగం నిజం. గనుల్లో లోహం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా దొరుకుతూనే ఉంది. ఈ ఊరి జాతకం రాసింది వెండి కంటే ఎక్కువగా నీళ్లు. గనిలోకి ఊరే నీటిని పైకి తోడడానికి అయ్యే ఖర్చు, ఆ గనిలోంచి వచ్చే వెండి విలువ, ఈ రెండింటి మధ్య తేడా ఎప్పుడెప్పుడు ఎటు మొగ్గిందో చూస్తే ఊరి చరిత్రలోని పెద్ద మలుపులన్నీ వరసగా అర్థమవుతాయి. కోటలు, బడులు, చెరువులు, చివరికి ఇప్పుడొచ్చే పర్యాటకులు కూడా ఆ లెక్కలోనే పడతారు.

పేరులో కూడా నీళ్లే ఉన్నాయి. ష్టియావ్నిత్సా అంటే పుల్లటి ఖనిజపు నీటి ఊట, వాగు అనే అర్థం వచ్చే మాట. బాన్స్కా అంటే గనులది. జర్మన్లకు ఇది షెమ్నిట్స్, హంగేరియన్లకు షెల్మెట్స్‌బాన్యా. పాత రాతలు తిరగేసేవాళ్లకు ఒక హెచ్చరిక: కొన్ని పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో దీన్ని ‘కెమ్నిట్స్’ అని రాశారు. సాక్సనీలో ఆ పేరుతో మరో పట్టణం ఉండడంతో, ఇక్కడ జరిగిన కొన్ని సంగతులు అక్కడి ఖాతాలో పడిపోయాయి.

నేల కింద ఏముంది

అగ్నిపర్వతం చల్లారే దశలో నేల లోపలి వేడినీరు రాతి పగుళ్లలోంచి పైకి పాకి, తనలో కరిగిన వెండి, బంగారం, సీసం, జింకు, రాగిని పలుగురాయితో కలిపి ఆ పగుళ్లలో పేర్చింది. అవే ఖనిజపు ఈనెలు. ఇవి బొగ్గు పొరల్లా అడ్డంగా పరుచుకుని ఉండవు. దాదాపు నిలువుగా, గోడలా దిగుతాయి. గని కూడా వాటి వెంటే కిందికి దిగాలి. పైభాగంలో వెండి మెండు, రాయి మెత్తన. లోతుకు పోయేకొద్దీ సీసం, జింకు పాలు పెరుగుతాయి, రాయి గట్టిపడుతుంది.

సింగరేణిలో కార్మికులు గనిని ‘బాయి’ అంటారు. ఆ మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. నేలలో నిలువుగా తవ్విన గొయ్యి దేనికోసం తవ్వినా బావే. భూగర్భ జలమట్టం దాటగానే చుట్టూ ఉన్న రాతి పగుళ్లన్నీ అందులోకే కారతాయి. ఒక్కరోజు తోడడం ఆపితే అడుగు మునుగుతుంది, కొన్ని వారాలు ఆపితే ఏళ్ల తరబడి తవ్విన అంతస్తులన్నీ పోతాయి.

ఈ ప్రాంతపు గనివాళ్ల ప్రస్తావన పన్నెండో శతాబ్దం నుంచే ఉంది. 1230ల చివరికల్లా ఊరికి పట్టణ హక్కులు వచ్చాయి. జర్మన్ ప్రాంతాల నుంచి గని పనివాళ్లు వచ్చి స్థిరపడ్డారు. మొరావియాలోని యిహ్లావా గని చట్టం నమూనాలో ఇక్కడా ఒక చట్టం ఏర్పడింది: ఈనె కనిపెట్టినవాడికి ఎంత నేల దక్కుతుంది, ఎన్నాళ్లు పని ఆపితే హక్కు పోతుంది, పక్కవాడి గనిలోకి సొరంగం చొచ్చుకుపోతే ఏం చేయాలి వంటివన్నీ అందులో ఉన్నాయి. ఏడు గని పట్టణాల కూటమిలో ఇది ‘వెండి’ పట్టణం. క్రెమ్నిత్సా ‘బంగారు’ పట్టణం, బాన్స్కా బిస్త్రిత్సా ‘రాగి’ పట్టణం. నాణేల ముద్రణ 1328 నుంచి క్రెమ్నిత్సాలోని టంకశాలలో.

పదిహేనో శతాబ్దం ఊరిని బాగా కుదిపింది. 1442లో సింహాసనం కోసం జరిగిన పోరులో ఎగర్ బిషప్ సేనలు ఊరిని తగలబెట్టాయి. మరుసటి ఏడు భూకంపం వచ్చి మిగిలింది కూల్చింది. 1526లో మోహాచ్ దగ్గర హంగరీ సైన్యం ఓడాక ఒట్టోమన్ తుర్కుల సరిహద్దు దగ్గరికి జరిగింది. ఊరివాళ్లు పెద్ద చర్చినే 1546 నుంచి 1559 మధ్య కోటగా మార్చుకున్నారు. పాత కోట అని పిలిచేది దీన్నే. లోయలోకి చూపు సాగేలా 1564–71లో ఎదుటి గుట్ట మీద తెల్లటి బురుజు కట్టారు, అది కొత్త కోట. తుర్కులు ఊరిని పట్టుకోలేకపోయారు. ఈ రక్షణ ఖర్చంతా గనుల రాబడి నుంచే.

తొంభై ఆరు గుర్రాలు

గాలి పీడనం మీద ఆధారపడే పీల్పుడు పంపు నీటిని సుమారు పది మీటర్లకు మించి ఎత్తలేదు. ఎంత బలంగా లాగినా అంతే. వంద మీటర్ల లోతునుంచి నీళ్లు రావాలంటే పది పంపులు ఒకదాని మీద ఒకటి, ప్రతిదానికీ ఒక తొట్టె. లేదంటే తోలు సంచులతో తోడాలి. మూడో దారి గొలుసు పంపు: అంతులేని గొలుసుకు కొంతకొంత దూరంలో గుడ్డ, వెంట్రుకలు కుక్కిన తోలు ఉండలు కట్టి, వాటిని చెక్క గొట్టంలోంచి పైకి లాగుతారు. ఒక్కో ఉండ తన మీదున్న నీటిని మోసుకొస్తుంది.

1556లో అచ్చయిన గియోర్గియస్ అగ్రికోలా గని శాస్త్ర గ్రంథంలో షెమ్నిట్స్‌లోని ఇలాంటి యంత్రం వర్ణన ఉంది. ఒక్కో యంత్రానికి 32 గుర్రాలు. ఒక విడతకు ఎనిమిది గుర్రాలు నాలుగు గంటలు తిరుగుతాయి, తర్వాత పన్నెండు గంటలు విశ్రాంతి. మూడు యంత్రాలు, 660 అడుగుల లోతు, మొత్తం 96 గుర్రాలు. గుర్రాలు గని లోపలికి మరమేకు గాడిలా మెలితిరిగిన ఏటవాలు దారిలో దిగేవి.

ఇంత బలగంతో ఎన్ని నీళ్లు వచ్చేవి? గంటల తరబడి తిరిగే గుర్రం అర కిలోవాటుకు మించి శక్తి ఇవ్వలేదు. ఒక్కసారి పనిలో ఉండేది 24 గుర్రాలు, అంటే 12 కిలోవాట్లు. ఉండల రాపిడికి, కారుడుకు సగం పోతుందనుకుంటే రెండు వందల మీటర్ల లోతు నుంచి సెకనుకు మూడు లీటర్లు. ఇవాళ లోతైన బోరుబావిలోకి దించే 15 హెచ్‌పీ మోటరు చేసే పని ఇది. ఆ మూడు లీటర్ల కోసం 96 గుర్రాలకు గడ్డి, ఓట్లు, లాడాలు, సాలలు, కాపలాదార్లు. గుర్రం పని చేసినా చేయకపోయినా తింటుంది. ఓట్ల పంట దెబ్బతిన్న ఏడాది వెండి ఖరీదు కూడా పెరిగినట్టే.

మందుగుండు తెచ్చిన చిక్కు

రాయిని పగలగొట్టే పాత పద్ధతి మంట. గని ముఖాన కట్టెలు పేర్చి తగలబెడితే రాయి వేడికి వ్యాకోచించి పగుళ్లిస్తుంది. తర్వాత సుత్తి, ఉలితో రాల్చాలి. పొగ బయటికి పోయేదాకా లోపలికి ఎవరూ వెళ్లలేరు. మంట పెట్టలేని చోట ఉలే దిక్కు; గట్టి రాతిలో ఒక షిఫ్టుకు కొన్ని సెంటీమీటర్ల ముందడుగు. అందుకే పాత సొరంగాలు ఒక మనిషి భుజాలంత వెడల్పు మాత్రమే ఉంటాయి. అంతకుమించి ఒక్క అంగుళం తవ్వినా దండగ.

1627 ఫిబ్రవరి 8న టిరోల్ నుంచి వచ్చిన కాస్పర్ వైండల్ ఇక్కడి ఎగువ బీబర్ సొరంగంలో మందుగుండుతో రాయి పేల్చి చూపించాడు. గని పనిలో మందుగుండు వాడకానికి నమోదైన తొలి సంఘటనల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు. పని వరస చిన్నదే: ఉలిని కొద్దికొద్దిగా తిప్పుతూ సుత్తితో కొట్టి రాతిలో రంధ్రం చేయాలి, మందు నింపాలి, రంధ్రం మూతిని గట్టిగా బిగించాలి, వత్తి అంటించి పక్కకు తప్పుకోవాలి. అసలు కిటుకు బిగింపులో ఉంది. మూతి వదులైతే పేలుడు తుపాకీ గుండులా బయటికి తన్నుకొస్తుంది, రాయి మాత్రం కదలదు.

ఇది గెలుపే, కానీ దాని వెనకే చిక్కు వచ్చింది. తవ్వకం వేగం పెరిగింది కాబట్టి గని త్వరగా లోతుకు దిగింది. పేలుళ్ల అదురుకు కొత్త పగుళ్లు తెరుచుకున్నాయి. నీళ్లు ముందుకంటే ఎక్కువగా, ముందుకంటే లోతున రాసాగాయి. తోడే పద్ధతి మాత్రం పాతదే. పదిహేడో శతాబ్దం చివరికి తవ్వే చేయి, తోడే చేయి రెండూ సమవేగం కోల్పోయాయి.

ఆ కాలపు గుర్తు ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది: 1681లో కట్టిన క్లోపాచ్కా అనే బురుజు. పైన వేలాడే చెక్క పలకను కొయ్య సుత్తులతో వాయించి తెల్లవారకముందే గని కార్మికుల్ని లేపేవాళ్లు. గని కార్మికుడి చావుకూ ఆ పలకే మోగేది.

1703 నుంచి 1711 దాకా, వియన్నా నుంచి హంగరీని ఏలే హాబ్స్‌బర్గ్ రాజుల మీద రాకోట్సి తిరుగుబాటు, దాని మధ్యలో 1710లో ప్లేగు. గుర్రాలు లేవు, మనుషులు లేరు, నీళ్లు మాత్రం ఆగలేదు. ఊరికి నైరుతిన ఉన్న విండ్‌షాఖ్ట్ గనుల్ని వదిలేద్దామా అన్న ఆలోచన దాకా వచ్చింది.

వాన చుక్కను పట్టి

నీటితో నీటిని తోడించడం కొత్త ఊహ కాదు. జలచక్రం తిప్పే వాగు ఉంటే చాలు. ఈ ఊరికి లేనిది అదే. కొండ నెత్తిన, అగ్నిపర్వతపు గుంత అంచున ఉన్న ఊరు. పెద్ద నది హ్రోన్ చాలా దిగువన, కొండల అవతల పారుతుంది. పైన ఉన్నవి వేసవిలో ఎండి, చలికాలంలో గడ్డకట్టే సన్నని వాగులు. గనికి చక్రం తిప్పాల్సిన అవసరం మాత్రం 365 రోజులూ ఉంటుంది.

కాబట్టి కరిగే మంచునూ వాననీటినీ పట్టి దాచుకోవాలి. చిన్న చెరువులు అప్పటికే ఉన్నాయి. వాటిని ఒక పథకంగా మార్చింది ఇద్దరు: యంత్రశాల పెద్ద మాతేయ్ కోర్నెల్ హెల్, పటాలు గీయడంలో దిట్ట అయిన సామ్యూల్ మికోవినీ. స్థానికులు వీటిని ‘తాయ్ఖ్’ అంటారు; చెరువు అనే జర్మన్ మాట స్లొవాక్ నోట్లో అలా మారింది. పద్దెనిమిదో శతాబ్దంలోనూ తర్వాతా మొత్తం మీద అరవై దాకా కట్టారు. నిల్వ సామర్థ్యం 70 లక్షల ఘనపు మీటర్లు. నీటిని చెరువులోకి చేర్చే కాలువలు 72 కిలోమీటర్లు, చెరువు నుంచి యంత్రాలకు తీసుకెళ్లేవి 57 కిలోమీటర్లు.

కట్ట, తూము, అలుగు, గొలుసుకట్టు అన్న మాటలు తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు బొమ్మ ఇట్టే కళ్లకు కడుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ నీళ్లు పొలానికి వెళ్లవు. పై చెరువు తూములోంచి వదిలిన నీళ్లు ఒక చక్రాన్ని తిప్పి కింది చెరువులో పడతాయి. అక్కడినుంచి ఇంకో చక్రం, ఇంకో చెరువు. చివరికి ఖనిజాన్ని దంచే రోకళ్లను తిప్పి గానీ ఆ నీటిని వదలరు.

చెరువుకు స్థలం ఎంచడంలో మికోవినీ లెక్క జాగ్రత్తగా ఉండేది. కొండ వాలు మీద కురిసిన వాన దాని సొంత లోయలోకి జారిపోకముందే అడ్డంగా కాలువ తీసి పట్టుకోవాలి. కాలువ వాలు కొంచెం ఎక్కువైతే నీటి వేగానికి గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. పక్క లోయ నీళ్లు కావాలంటే గట్టుకు అడ్డంగా సొరంగం తొలవాలి. గని పనివాళ్ల ఊరు కాబట్టి సొరంగం వాళ్లకో లెక్క కాదు. కట్టను బంకమట్టితో పొరలు పొరలుగా దిమ్మిసా కొట్టి లేపారు. నీటి వైపు రాయి పరిచారు. అడుగున దూలాలు తొలిచి చేసిన చెక్క గొట్టాలు తూములు. పైన చిన్న చెక్క గదిలోంచి కడ్డీతో బిరడా ఎత్తేవారు.

1743–44లో కట్టిన రోజ్‌గ్రుండ్ కట్ట ఎత్తు సుమారు 30 మీటర్లు. ఆ ఎత్తున్న మట్టికట్టకు ఎవరైనా వాలు బాగా వెడల్పుగా ఇస్తారు. మికోవినీ ఆశ్చర్యపోయేంత నిటారుగా ఇచ్చాడు. ఆ కట్ట ఇప్పటికీ నిలిచే ఉంది, ఆ చెరువు ఊరికి తాగునీరు ఇస్తోంది.

ఈ నీటి విలువ ఎంతో ఇవాళ్టి కొలతల్లో చూద్దాం. 70 లక్షల ఘనపు మీటర్లు నిండి, గొలుసు వెంబడి మొత్తం వంద మీటర్లు పడ్డాయనుకుంటే వచ్చే శక్తి దాదాపు 19 లక్షల యూనిట్ల కరెంటుతో సమానం. రాపిడి, కారుడు పోగా సగం మిగిలితే తొమ్మిదిన్నర లక్షలు. రోజుకు ఆరు గంటలు తిరిగే గుర్రం ఏడాదికి ఇచ్చేది తొమ్మిది వందల యూనిట్లు. అంటే చెరువులన్నీ ఒక్కసారి నిండితే వెయ్యి గుర్రాలు ఏడాదంతా చేసే పని, గడ్డి ఖర్చు లేకుండా.

బెడదలు లేకపోలేదు. వరసగా రెండేళ్లు వాన తగ్గితే చెరువులు అడుగంటి గనుల కింది అంతస్తులు మునిగేవి. చలికాలంలో కాలువలు గడ్డకట్టేవి, చెక్క గొట్టాలు కుళ్లేవి. అందుకే కాలువ కాపలాదారు ఉద్యోగం ఇక్కడ చాలా ముఖ్యమైనది: ఆకులు తీయడం, గండి పూడ్చడం, మంచు పగలగొట్టడం.

ఆవిరి ఓడిన చోటు

సరిగ్గా అదే కాలంలో ఆవిరి యంత్రం కూడా వచ్చింది. ఇంగ్లిష్ ఇంజినీరు ఐజాక్ పాటర్ 1722లో ఇక్కడికి దగ్గర్లోని నోవా బాన్యాలో బిగించినది ఐరోపా ప్రధాన భూభాగంలో మొదటిదిగా లెక్కకొస్తుంది. 1730లలో వియన్నా వాస్తుశిల్పి యోసెఫ్ ఇమాన్యుయెల్ ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ విండ్‌షాఖ్ట్‌లో అలాంటివే మరికొన్ని నిలబెట్టాడు. యంత్రాలు బాగానే ఆడాయి. వాటి కడుపు నింపడమే కష్టమైంది. ఇంగ్లాండులో గని పక్కనే బొగ్గు. ఇక్కడ కట్టె తప్ప మరోటి లేదు. ఆ కట్టె కోసం అప్పటికే మూడు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి: ఖనిజం కరిగించే కొలిమి, గని పైకప్పు కూలకుండా నిలబెట్టే గుంజలు, చలికాలంలో ఇళ్ల పొయ్యిలు. ఆవిరి యంత్రం నాలుగో నోరైంది. పారిశ్రామిక విప్లవం అంటే ఆవిరి అనే అలవాటైన కథ ఈ లోయలో చెల్లదు. ఇక్కడ కొత్త యంత్రం పాత యంత్రానికి లెక్కల్లో ఓడిపోయింది.

దాని ఆకారం మాత్రం వృథా పోలేదు. మాతేయ్ కొడుకు యోజెఫ్ కారోల్ హెల్ (1713–1789) ఆ సిలిండరు, పిస్టను ఏర్పాటునే తీసుకుని ఆవిరి స్థానంలో నీటిని పెట్టాడు. 1749లో లియోపోల్డ్ గనిబావిలో పని మొదలెట్టిన ఈ ‘నీటి స్తంభ యంత్రం’ సూత్రం సులువు. పది మీటర్ల నీటి స్తంభం దాదాపు ఒక వాతావరణ పీడనం ఇస్తుంది. ఎత్తున ఉన్న కాలువ నుంచి నిలువు గొట్టంలో వంద మీటర్లు దిగిన నీరు సిలిండరు అడుగున పది వాతావరణాల ఒత్తిడితో పిస్టనును తోస్తుంది. పిస్టను పంపు కడ్డీని ఆడిస్తుంది. పని అయ్యాక వాడిన నీరు సొరంగం గుండా బయటికి పోవాలి. ఎత్తైన పడుదల ఉండి నీటి పరిమాణం తక్కువైనచోట చక్రం కంటే ఇది చాలా మేలు. వంద మీటర్ల పడుదలకు సరిపడే చక్రాన్ని ఎవరూ కట్టలేరు. అయితే ఆవిరిలా నీరు నొక్కుకుపోదు. కవాటం ఠక్కున మూస్తే పారుతున్న నీటి ఊపంతా గొట్టం గోడల మీద సుత్తి దెబ్బలా పడుతుంది. అందుకే ఇలాంటి యంత్రాల్లో కవాటాన్ని మెల్లగా తెరిచి మెల్లగా మూయడమే అసలు పనితనం.

ఆ తర్వాత 1750లలో హెల్ అమాలియా గనిబావిలో మరింత వింతైన దాన్ని బిగించాడు. గాలితో నీటిని ఎత్తే యంత్రం అది. రెండు మూసిన పాత్రలు, ఒకటి పైన, ఒకటి గని అడుగున, మధ్యలో గాలి గొట్టం. అడుగు పాత్ర గని నీటితో నిండుతుంది. ఎత్తున ఉన్న కాలువ నీటిని పై పాత్రలోకి వదిలితే అందులోని గాలి నలిగి గొట్టం వెంట కిందికి దిగి, అడుగు పాత్రలోని నీటిని ఇంకో గొట్టం ద్వారా పైకి తోసేస్తుంది. తర్వాత కవాటాలు తెరిచి పై పాత్రను ఖాళీ చేసి మళ్లీ మొదలు. అడుగున తిరిగే భాగమంటూ ఒక్కటీ లేదు, అరిగిపోయేదీ లేదు.

ఈ యంత్రం దగ్గరే ఓ సంగతి చూసేవాళ్లను నోరెళ్లబెట్టేలా చేసింది. నలిగిన గాలిని కవాటం తెరిచి బయటికి వదిలినప్పుడు అది ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడేది. గాలిలోని తేమ మంచు పొడిలా రాలేది, కవాటం మూతికి మంచు కడ్డీలు వేలాడేవి. ఎండాకాలంలో కూడా. ఇంగ్లాండులో ఎరాస్మస్ డార్విన్ 1788లో గాలి వ్యాకోచం వల్ల పుట్టే చలి గురించి రాసినప్పుడు ఈ గని యంత్రాన్నే సాక్ష్యంగా చూపాడు. ఫ్రిజ్ వెనకున్న సూత్రం వెండి గనిలో, దాని కోసం ఎవరూ వెతకకుండానే బయటపడింది. హెల్ కుటుంబంలో ఇంకో కొడుకు మాక్సిమిలియన్ ఖగోళ శాస్త్రజ్ఞుడై వియన్నా వేధశాలకు అధిపతి అయ్యాడు. 1769లో నార్వే ఉత్తర కొసన వార్డో నుంచి శుక్ర గ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని కొలిచింది అతనే.

బడి ఎందుకు వచ్చింది

ఇన్ని చెరువులు, ఇన్ని యంత్రాలు నడపాలంటే లెక్కలు వచ్చినవాళ్లు కావాలి. తండ్రి చేతినుంచి కొడుకు నేర్చుకునే గని విద్య ఇక చాలలేదు. వియన్నా ఖజానా 1735లో ఇక్కడ గని బడి పెట్టింది, మొదటి పంతులు మికోవినీయే. రాణి మరియా థెరీసా 1762 చివర్లో దాన్ని అకాడమీగా పెంచాలని నిర్ణయించింది. 1763లో రసాయన, ఖనిజ శాస్త్రాలకు నికోలస్ జాకిన్ వచ్చాడు. తర్వాత గణితం, యంత్రశాస్త్రానికి నికోలస్ పోడా, గని తవ్వకానికి క్రిస్టోఫ్ డీలియుస్. 1770 నాటికి మూడేళ్ల చదువు స్థిరపడింది.

ఈ బడి ప్రత్యేకత ప్రయోగశాల. విద్యార్థి తనే ఖనిజం తూచి, దంచి, కరిగించి, అందులో వెండి పాళ్లెంతో తేల్చాలి. పంతులు చేసి చూపిస్తుంటే చూస్తూ కూర్చునే కాలంలో ఇది కొత్త. 1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ అనే సాంకేతిక విద్యాలయం పెట్టే వేళ రసాయన శాస్త్రజ్ఞుడు ఫుర్‌క్రువా షెమ్నిట్స్ పద్ధతినే ఉదాహరణగా చూపించాడు. కొలిమికీ గుంజలకూ కట్టె కరువు కాబట్టి అడవుల చదువు కూడా ఈ ఊళ్లోనే మొదలైంది. 1807లో అటవీ విద్యాలయం వచ్చింది, 1846లో అది అకాడమీతో కలిసింది.

కట్టె కరువే ఇంకో ప్రయోగానికి దారితీసింది. 1786లో ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ దగ్గరలోని స్క్లెనే తెప్లిత్సేలో కొలిమి లేకుండా వెండి తీయడం చూపించాడు. ఖనిజాన్ని ఉప్పుతో వేయించి, నీళ్లు, పాదరసంతో కలిపి తిప్పితే వెండి పాదరసంలో కలుస్తుంది. ఆ ముద్దను వేడిచేస్తే పాదరసం ఆవిరై వెండి మిగులుతుంది. అది చూడడానికి ఐరోపా నలుమూలల నుంచి వచ్చినవాళ్లు అక్కడే గని శాస్త్రానికి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. పాదరసపు ఆవిరి పీల్చే కార్మికుల ఆరోగ్యం సంగతి ఆ చర్చల్లో పెద్దగా లేదు.

తొంభై ఆరేళ్ల సొరంగం

పంపుల బరువు తగ్గించే అసలు ఉపాయం కింది లోయ నుంచి కొండ అడుగుకు అడ్డంగా సొరంగం తవ్వడం. అప్పుడు నీటిని నేల పైదాకా ఎత్తక్కర్లేదు, సొరంగం మట్టం దాకా ఎత్తితే చాలు, మిగతాది దానంతటదే పారుతుంది. రెండో లాభం కూడా ఉంది. యంత్రం నడిపే నీరు నేల మీద నుంచి ఆ సొరంగం మట్టం దాకా దిగొచ్చు, అంటే పడుదల పెరుగుతుంది. ఎత్తాల్సింది తగ్గి, ఎత్తే బలం పెరుగుతుంది.

అందుకే 1782లో, ఊరు జనంతో కిటకిటలాడుతున్న ఏడాదే, హ్రోన్ నది ఒడ్డున వోజ్నిత్సా నుంచి చక్రవర్తి రెండో జోసెఫ్ పేరిట సొరంగం మొదలెట్టారు. జోసెఫ్ 1764లో తమ్ముడు లియోపోల్డ్‌తో కలిసి ఈ గనుల్లోకి స్వయంగా దిగి చూసినవాడే. పొడవు 16 కిలోమీటర్లకు పైనే. యుద్ధాలొచ్చాయి, డబ్బు ఆగింది, కొన్నేళ్లు పని పడుకుంది. చివరి రాయి పగిలింది 1878లో. సగటున రోజుకు అర మీటరు. పూర్తయ్యేనాటికి అది ప్రపంచంలో అతి పొడవైన గని సొరంగాల్లో ఒకటి, ఇంజినీరింగ్‌గా చూస్తే గొప్ప విజయం.

వ్యాపారంగా చూస్తే మాత్రం ముహూర్తం దాటిపోయింది. 1873 నుంచి జర్మనీ, తర్వాత మరిన్ని దేశాలు బంగారు నాణేలకు మారాయి. నాణేలకు వెండి అక్కర్లేకుండా పోయింది. పైగా అమెరికా పశ్చిమ రాష్ట్రాల వెండి మార్కెట్‌లో పోటెత్తింది. 1870ల మొదట్లో లండన్‌లో ఔన్సు 60 పెన్నీలు పలికిన వెండి 1894కు అందులో సగానికి పడింది. నీళ్లు తోడే ఖర్చు తగ్గించడానికి తొంభై ఆరేళ్లు పట్టింది. వెండి ధర పడిపోవడానికి ఇరవై ఏళ్లే చాలింది. 1873లో ఊరికి వచ్చిన సన్నగేజి రైలు కూడా ఈ లెక్క మార్చలేకపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ప్రాంతం చెకొస్లొవేకియాలోకి వచ్చింది. హంగేరియన్‌లో పాఠాలు చెప్పే అకాడమీ సామాను సర్దుకుని 1919లో హంగరీలోని షోప్రోన్‌కు వెళ్లిపోయింది. ఇప్పటి మిష్కోల్ట్స్, షోప్రోన్ విశ్వవిద్యాలయాలు తమ వంశవృక్షాన్ని ఇక్కడినుంచే చెప్పుకుంటాయి. ఊరికి ఇది గని మూతపడడం కంటే పెద్ద దెబ్బ అనాలి. గని కార్మికుడు పోతే జీతం పోతుంది. విద్యార్థి పోతే అద్దె గది, పూటకూళ్లు, పుస్తకాల దుకాణం, సాయంత్రపు సందడి అన్నీ పోతాయి.

కమ్యూనిస్టు కాలంలో సీసం, జింకు కోసం గనులు మళ్లీ ఆడాయి. 1949లో యువజన దళాలు మామూలు గేజి రైలుమార్గం కట్టాయి. ఫ్లాట్లు ఊరి కింది లోయలో కట్టడంతో పాత మధ్యభాగం శిథిలమైంది కానీ కూల్చివేతకు గురికాలేదు. డబ్బు లేకపోవడమే దాన్ని కాపాడింది. 1993లో యునెస్కో ఊరితోపాటు చుట్టుపక్కల సాంకేతిక కట్టడాలను, అంటే చెరువుల్ని కూడా, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికే ఊరి గనుల పని ముగింపుకు వచ్చేసింది.

ఇప్పుడు రాబడి పర్యాటకులది. జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం సన్యాసులు 1744–51లో గుట్ట మీద కట్టిన కల్వరీ గుళ్లు బాగుపడ్డాయి. సెప్టెంబరులో సలమాండర్ ఊరేగింపు జరుగుతుంది: బంగారు, వెండి పొడి అంటిన రెండు బల్లుల్ని గొర్రెలకాపరి చూసి ఖనిజం కనిపెట్టాడన్న కథ దానికి మూలం. పాత ఊరి బలహీనత 2023 మార్చి 18న బయటపడింది. ఆనుకుని ఉన్న ఇళ్ల కలప పైకప్పుల మీదుగా మంట ఒకదాన్నుంచి ఒకదానికి పాకి మధ్య వీధిలో పలు చారిత్రక భవనాలను కాల్చింది.

అరవై చెరువుల్లో ఇరవై పైచిలుకు మిగిలాయి. వేసవిలో పోచూవాద్లో అనే చెరువు గట్టు మీద తువ్వాళ్లు పరుచుకుని జనం ఈతకు దిగుతారు. చక్రాలు లేవు, యంత్రాలు లేవు, తూము తెరవమని ఎవరూ అడగరు. వోజ్నిత్సా సొరంగం మూతి దగ్గర మాత్రం పని ఆగలేదు. గనులు వదిలేశాక లోపల పేరిన నీరంతా ఇప్పటికీ ఆ దారినే రాత్రింబవళ్లు హ్రోన్‌లోకి పోతోంది. ఆ సొరంగం ఎక్కడైనా కూలి మూసుకుపోతే కొండ లోపల నీటిమట్టం లేస్తుంది కాబట్టి, వెండి రాకపోయినా దాన్ని బాగుచేస్తూ ఉండక తప్పదు.